ఎన్‌ఏఏసీపీ మీద గవర్నర్ లెపేజ్ అన్న మాటకు అంత గొడవ ఎందుకైంది? మన దగ్గర అయితే ఏమవుతుంది?

మీ ప్రశ్న ఇది: 2011 జనవరిలో అమెరికాలోని మెయిన్ రాష్ట్ర గవర్నర్ పాల్ లెపేజ్, నల్లజాతివారి పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ గురించి విలేకరులు అడిగితే "కిస్ మై బట్ అని చెప్పండి" అన్నారు. దేశమంతా రచ్చ అయింది. ఇంతకంటే ఘోరమైన మాటలు మన నాయకులు రోజూ అంటున్నా ఎవరికీ పట్టదు కదా, అక్కడ ఆ చిన్న మాటకు అంత గొడవ ఎందుకు? ఆయనకు చివరికి నష్టం జరిగిందా? మన మంత్రి ఎవరైనా అంటే చట్టం ఏం చేస్తుంది? మీకు కాలేజీలో దీని మీద అసైన్‌మెంట్ ఉందన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. గొడవ ఆ మోటు మాట వల్ల మొదలైంది, కానీ అసలు దెబ్బ ఆ మాటలో లేదు. అదే సందర్భంలో ఆయన ఎన్‌ఏఏసీపీని "స్పెషల్ ఇంటరెస్ట్" అన్నారు. అంటే తమ స్వార్థం కోసం ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చే గుంపు అని. ప్రమాదం ఆ మాటతోనే. ఎన్నికల్లో ఆయనకు పెద్దగా నష్టమేమీ జరగలేదు, 2014లో మళ్లీ గెలిచారు. మన చట్టం ప్రకారం చూసినా ఇలాంటి మాటకు శిక్ష పడటం దాదాపు అసాధ్యం.

నేను 28 ఏళ్లు తెలుగు దినపత్రికల్లో పనిచేశాను. మొదట తెలంగాణలో ఒక జిల్లా విలేకరిగా, తర్వాత హైదరాబాద్‌లో డెస్కులో, చివరి కొన్నేళ్లు కోర్టు వార్తలు. పౌరహక్కుల సంఘాల ప్రెస్‌మీట్లు, వాటి మీద నాయకుల స్పందనలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కలేదు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

అసలు ఏం జరిగిందో చూద్దాం. లెపేజ్ 2011 జనవరి 5న గవర్నర్‌గా ప్రమాణం చేశారు. ఆ నెల 17న మార్టిన్ లూథర్ కింగ్ దినం. రీగన్ 1983లో సంతకం చేసిన చట్టంతో వచ్చిన జాతీయ సెలవు అది, ఏటా జనవరి మూడో సోమవారం వస్తుంది. మెయిన్‌లో ఎన్‌ఏఏసీపీ శాఖలు జరిపే కార్యక్రమాలకు గవర్నర్‌ను పిలిచాయి. వేరే పనులున్నాయి, రావడం కుదరదని ఆయన ఆఫీసు చెప్పింది. అక్కడితో ఆగి ఉంటే రెండు రోజుల్లో అందరూ మరిచిపోయేవాళ్లు. 14వ తేదీ శుక్రవారం విలేకరులు ఆయన్ను అడిగారు: ఇది ఒక్కసారి కాదు, మీరు ఈ సంఘాన్ని కావాలనే దూరం పెడుతున్నారని అంటున్నారు, దీనికేమంటారు? దానికి ఆయన జవాబే ఆ మాట. వాళ్లొక స్పెషల్ ఇంటరెస్ట్ అని, అలాంటి వాళ్లకు తాను బందీగా ఉండనని, కావాలంటే మా ఇంటి ఫొటో చూసుకోమనండి, నా కొడుకు నల్లవాడే అని కూడా అన్నారు. జమైకా నుంచి వచ్చి ఆయన ఇంట్లో పెరిగిన యువకుడి గురించి ఆ మాట.

ఈ మాట వచ్చిన వారం ఎలాంటిదో గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఆరు రోజుల ముందు, జనవరి 8న, అరిజోనాలోని టూసాన్‌లో ఎంపీ గాబ్రియెల్ గిఫర్డ్స్ మీద కాల్పులు జరిగి ఆరుగురు చనిపోయారు. రాజకీయాల్లో మాట తీరు మారాలని దేశమంతా మాట్లాడుకుంటున్న రోజులవి. ఒకపక్క ఆ విషాదం, ఇంకోపక్క కింగ్ పండుగ, మధ్యలో కుర్చీ ఎక్కి పది రోజులు కూడా కాని గవర్నర్. ఎన్‌ఏఏసీపీ జాతీయ అధ్యక్షుడు బెంజమిన్ జెలస్ గట్టిగానే ఖండించారు. లెపేజ్ సోమవారం పొద్దున తన పాత ఊరు వాటర్‌విల్‌లో కింగ్ పేరిట జరిగిన అల్పాహార విందుకు వెళ్లారు. అంతకుముందు ఆయన ఆ ఊరి మేయర్.

ఆ వార్త మా డెస్కుకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఏజెన్సీ కాపీ నా చేతికి వచ్చింది, రెండు కాలమ్‌ల జాగా ఇచ్చారు. "కిస్ మై బట్" దగ్గర అందరం ఆగిపోయాం. ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే పచ్చి బూతు అవుతుంది. ఇంగ్లీషులో అది అంత బూతు కాదు, మోటు మాట. ఒకరు "పోయి ఏట్లో దూకమనండి" అన్నారు. అది మరీ మెత్తన. ఇంకొకరు "ఏం పీక్కుంటారో పీక్కోమనండి" అన్నారు. బలం సరిగ్గా సరిపోయింది, మన నాయకులు వాడే మాటే కూడా. కానీ అచ్చులో వద్దన్నారు. చివరికి "ఏం చేసుకుంటారో చేసుకోమనండి" అని పెట్టాం. ఈ ఒక్క మాట మీద అరగంట గడిచింది. తీరా కాపీ నాలుగు లైన్లు ఎక్కువైంది, కోయాలి. "స్పెషల్ ఇంటరెస్ట్" వాక్యం కోసేశాను. కోసింది నేనే. వార్త మాకు ఆ తిట్టులో కనిపించింది, ఆ వాక్యం ఏదో పార్టీ పరిభాషలా అనిపించింది. కోయాల్సింది ఇంకేదైనా, ఆ వాక్యం మాత్రం కాదు.

ఎందుకంటే తిట్టు గాలికి పోతుంది. ముద్ర మాత్రం మిగులుతుంది. ఒక సంఘాన్ని తిడితే, తిట్టినవాడు కోపిష్టి అనుకుంటారు. అదే సంఘాన్ని "వీళ్లది వీళ్ల స్వార్థం" అంటే, ఇకమీదట ఆ సంఘం ఏం అడిగినా వినక్కర్లేదన్న అనుమతి జనానికి దొరుకుతుంది. ఎన్‌ఏఏసీపీ చరిత్ర చూడండి. 1909లో పుట్టింది. బడుల్లో నల్లపిల్లల్ని, తెల్లపిల్లల్ని వేరుచేయడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన 1954 నాటి బ్రౌన్ కేసును వాదించింది ఆ సంఘం లాయర్లే, ముందు నిలబడ్డది థర్‌గుడ్ మార్షల్. బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ మాంట్‌గొమరీ శాఖకు కార్యదర్శిగా పనిచేశారు. మిసిసిపీలో ఓటు హక్కు కోసం తిరిగిన మెడ్గర్ ఎవర్స్ ఆ సంఘం ఉద్యోగి, 1963లో సొంత ఇంటి ముందే కాల్చి చంపారు. అలబామా ప్రభుత్వం మీ సభ్యుల జాబితా ఇవ్వండని పట్టుబడితే, ఇవ్వక్కర్లేదని 1958లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంఘం పెట్టుకునే ప్రతి అమెరికన్‌కూ, తెల్లవాళ్లకు కూడా, ఆ తీర్పు రక్షణే. ఇవన్నీ ఒక వర్గం స్వప్రయోజనాలు ఎలా అవుతాయి?

ఇక్కడ ఒక మాట. పిలిచిన ప్రతి సభకూ నాయకుడు వెళ్లి తీరాలని నేను అనడం లేదు. జార్జి బుష్ అధ్యక్షుడయ్యాక వరుసగా ఐదేళ్లు ఎన్‌ఏఏసీపీ జాతీయ సభకు వెళ్లలేదు. విమర్శలు వచ్చాయి. 2006లో వెళ్లి మాట్లాడారు. 2012లో రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి మిట్ రోమ్నీ హ్యూస్టన్‌లో వాళ్ల సభకు వెళ్లి, ఒబామా ఆరోగ్య చట్టాన్ని రద్దు చేస్తానని వాళ్ల ముఖం మీదే చెప్పారు. జనం అరిచారు. అయినా నిలబడి ప్రసంగం పూర్తిచేశారు. రోమ్నీ అభిప్రాయంతో నాకు పేచీ ఉంది, ఆ పద్ధతితో లేదు. ఎదుటివాళ్లను జవాబు చెప్పదగిన మనుషులుగా చూశారు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన నాయకులు అంటే గొడవ కాదన్నారు. అది పూర్తిగా నిజం కాదు. గొడవ అవుతుంది, కానీ తప్పు చోట అవుతుంది. నా సొంత అనుభవం చెబుతాను.

తొంభైల మొదట్లో నేను జిల్లాలో ఉన్నప్పుడు పోలీస్ లాకప్‌లో ఒక కుర్రాడు చనిపోయాడు. పౌరహక్కుల వాళ్ల నిజనిర్ధారణ కమిటీ వచ్చింది, ఇద్దరు లెక్చరర్లు, ఒక వకీలు. ఊరంతా తిరిగి నాలుగు పేజీల రిపోర్టు సైక్లోస్టైల్ తీసి మాకు పంచారు. బాత్రూంలో జారిపడ్డాడని పోలీసులు రాశారు. దెబ్బలు అరికాళ్ల మీద ఉన్నాయని రిపోర్టులో ఉంది. జారిపడితే అరికాళ్లకు దెబ్బలెలా తగులుతాయి? అదొక్కటే వాళ్ల ప్రశ్న. కుర్రాడి తల్లి గోడ వారన నేల మీద కూర్చుంది, రేషన్ కార్డులోంచి ఊడదీసిన ఫొటో చేతిలో పట్టుకుని. అందరం కలిసి దిగిన ఫొటో అది, కొడుకు ముఖం మీద వేలు పెట్టి చూపించింది.

రాత్రి ఏడింటి బస్సుకు వార్త కవరు వేయాలి. మధ్యలో స్పందన కోసం స్థానిక నాయకుడి ఇంటికి వెళ్లాను. "వాళ్లకు పనీపాటా లేదు, ఎవడైనా చస్తే చాలు గద్దల్లా వాలతారు" అన్నాడు. నాకు ఉత్సాహం వచ్చింది, నిజం దాచను. కవర్లో మొదటి పేరా అదే రాశాను. మర్నాడు హెడ్డింగ్ గద్దల మీదే. లాయర్లు ధర్నా చేశారు. క్షమాపణ చెప్పాలన్నారు, చెప్పనన్నాడు. వారం రోజులు అదే నడిచింది, రోజూ వార్త పడింది. అరికాళ్ల సంగతి రెండో రోజుకే లోపలి పేజీకి పోయింది, మూడో రోజుకు ఎక్కడా లేదు. పదిహేను రోజుల తర్వాత ఆ తల్లి బస్టాండులో కనబడి అడిగింది, "సారూ, పేపర్ల నా కొడుకు ముచ్చట ఏది? గద్దల ముచ్చటనే ఉన్నది గద." నా దగ్గర జవాబు లేదు. ఇంత జరిగినా 2011లో మళ్లీ ఆ వాక్యం కోశానంటే, చేతికి అలవాటైన పని ఎంత బలంగా ఉంటుందో చూడండి.

అందుకే చెబుతున్నాను, మోటు మాట నాయకుడికి నష్టం కంటే లాభమే ఎక్కువ చేస్తుంది. ప్రశ్న పోతుంది, మర్యాద మీద చర్చ మిగులుతుంది. మర్యాద చర్చలో రెండు పక్షాలూ సమానంగానే కనిపిస్తాయి.

మన దగ్గర "స్పెషల్ ఇంటరెస్ట్"కు సరిసమానమైన మాట మీరూ వినే ఉంటారు: "మరి నక్సలైట్లు పోలీసుల్ని చంపినప్పుడు వీళ్లు ఎక్కడికి పోయారు?" ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు. ఆ సంఘాల లోపల కూడా దీని మీద గట్టి వాదనలే జరిగాయి. బాలగోపాల్ లాంటివారు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం నుంచి బయటికి వచ్చి 1998లో మానవహక్కుల వేదిక పెట్టడం వెనుక ఆ వాదన కూడా ఉంది. కానీ నాయకులు ఈ ప్రశ్న వేసేది జవాబు వినడానికి కాదు. జవాబు చిన్నదే. ఎవడో హత్య చేస్తే పట్టుకుని శిక్షించడానికి పోలీసు, కోర్టు, జైలు ఉన్నాయి. ఆ పోలీసే చంపితే ఎవరు అడగాలి? ఆ ఖాళీలో నిలబడేవాళ్లే పౌరహక్కుల వాళ్లు.

ముద్ర పడితే ఏమవుతుందో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. 1985 సెప్టెంబరు 3న, నక్సలైట్ల చేతిలో చనిపోయిన ఒక ఎస్సై అంతిమయాత్ర జరుగుతున్న రోజున, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే చంపారు. ఆయన పిల్లల డాక్టరు. తర్వాత వేరే చోట్ల, అదే సంఘానికి చెందిన ఇద్దరిని చంపారు: 2000 నవంబరులో పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో ఆజం అలీ. ఏ నాయకుడి ఏ మాట వల్లో జరిగిందని నేను అనడం లేదు. అలా అనడానికి ఆధారం ఉండాలి. కానీ "వాళ్లు ఫలానా వాళ్ల మనుషులు" అని ఏళ్ల తరబడి ప్రచారం జరిగిన చోట ఇవి జరిగాయి. కుర్చీలో ఉన్నవాళ్ల నోటి మాట గురించి నేను ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఇదే.

ఇక ఆ "పనీపాటా లేనివాళ్లు" చేసిన పని. ఎన్‌కౌంటర్ జరిగితే ఏం చేయాలో జాతీయ మానవహక్కుల కమిషన్ 1997లో రాష్ట్రాలన్నిటికీ మార్గదర్శకాలు పంపింది, దానికి మూలం మన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదులే. ఫోన్ ట్యాపింగ్‌కు పద్ధతులు పెట్టిన 1996 తీర్పు పీయూసీఎల్ అనే జాతీయ పౌరహక్కుల సంఘం వేసిన కేసులోది. ఓటింగ్ యంత్రం మీద నోటా బటన్ 2013లో అదే సంఘం వేసిన కేసుతో వచ్చింది. తన ఫోన్ ట్యాప్ అయిందని గొంతు చించుకునే నాయకుడు ఏ పార్టీవాడైనా సరే, ఆ 1996 తీర్పు పేరే చెప్పుకోవాలి.

చట్టం గురించి మీ మూడో ప్రశ్న. ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. తిట్టు వేరు, ఆరోపణ వేరు. "ఏం పీక్కుంటారో పీక్కోండి" అనేది అవమానమే కానీ, అందులో ఫలానా తప్పు చేశారన్న ఆరోపణ లేదు. కాబట్టి పరువునష్టం కిందికి తేవడం కష్టం. "వీళ్లు విదేశీ డబ్బు తిని పనిచేస్తున్నారు" అంటే అది ఆరోపణ. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, పాత ఐపీసీలో 499, 500, వ్యక్తులకే కాదు, సంఘానికి కూడా పరువు ఉంటుందని ఒప్పుకుంటుంది. రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కానీ ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి. నేను కోర్టు వార్తలు రాసిన రోజుల్లో ఇలాంటి కేసు వేద్దామా అని అడిగిన సంఘాల వాళ్లకు ఒకటే చెప్పేవాణ్ని: మీ దగ్గరున్న ఇద్దరు వకీళ్లూ ఈ కేసులో ఇరుక్కుంటే, లాకప్ కేసు ఎవరు చూస్తారు?

మంత్రి అన్న మాటకు ప్రభుత్వాన్ని బాధ్యుణ్ని చేయొచ్చా అంటే, దాదాపు చేయలేం. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మంత్రివర్గానిది ఉమ్మడి బాధ్యత అన్న సూత్రం చెప్పి మంత్రి మాటను ప్రభుత్వానికి అంటగట్టలేమని మెజారిటీతో తేల్చింది. రాజ్యాంగంలోని 19(2)లో ఉన్నవి తప్ప మాట స్వేచ్ఛ మీద కొత్త ఆంక్షలు పెట్టలేమని కూడా చెప్పింది. జస్టిస్ నాగరత్న విడిగా తీర్పు రాశారు. మంత్రి తన హోదాలో అన్న అవమానకరమైన మాట ప్రభుత్వ అభిప్రాయాన్ని కూడా చెబుతుంటే, ఆ బాధ్యత ప్రభుత్వానికి అంటుకోవచ్చని ఆమె అభిప్రాయం. నాకు ఆమె మాటే సరైనదనిపిస్తుంది. మైకు ముందు నిలబడ్డ మంత్రిని జనం మామూలు మనిషిగా చూడరు, ఎస్సై అసలే చూడడు. మెజారిటీ భయం కూడా అర్థం చేసుకోదగినదే. మాటల మీద కొత్త చట్టం తెస్తే దాన్ని ముందు వాడేది మంత్రుల మీద కాదు, ఇలాంటి సంఘాల మీదే. అమెరికాలో దారి ఇంకా ఇరుకు. 1964 నాటి సలివన్ తీర్పు తర్వాత పబ్లిక్ వ్యవహారాల్లో ఉన్నవాళ్లు పరువునష్టం నిరూపించడం చాలా కష్టం. లెపేజ్ అన్నది ఆరోపణ కూడా కాదు కాబట్టి అక్కడ కేసు ప్రశ్నే లేదు.

తర్వాత ఆయనకేమైంది? 2010లో 38 శాతం లోపు ఓట్లతో గెలిచినాయన, పోటీలో చాలామంది ఉండి ఓట్లు చీలడం వల్ల. 2014లో 48 శాతంతో మళ్లీ గెలిచారు. నోరు మారలేదు. 2016 జనవరిలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చే మత్తుమందుల వాళ్ల గురించి, వాళ్లు తెల్ల అమ్మాయిల్ని గర్భవతుల్ని చేస్తున్నారంటూ మాట్లాడి మళ్లీ దేశమంతటా వార్త అయ్యారు. 2022లో మూడోసారి గవర్నర్ కావాలని పోటీచేసి జానెట్ మిల్స్ చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమికి 2011 మాటే కారణమని రాయకండి, అది నిజం కాదు. 2016లో మెయిన్ ఓటర్లు ఎన్నికల పద్ధతినే మార్చుకున్నారు. అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుసగా ఓటు వేసే విధానం తెచ్చారు. సగం కూడా రాకుండా ఆయన గెలిచిన తీరు ఆ ప్రచారంలో పెద్ద చర్చే అయింది. ఇంకొకటి, 2011లో పోర్ట్‌లాండ్ ఎన్‌ఏఏసీపీకి నాయకత్వం వహించిన రేచెల్ టాల్బట్ రాస్ 2016లో శాసనసభకు ఎన్నికయ్యారు, 2022 డిసెంబరులో ఆ సభకే స్పీకర్ అయ్యారు.

మీ అసైన్‌మెంట్ కోసం ఒక్క సలహా. తిట్టు గురించి అందరూ రాస్తారు. ఆ రోజు లెపేజ్ మాటల్లోనే ఇంకో సంగతి ఉంది. మెయిన్ రాష్ట్ర జైలుకు వచ్చి అక్కడి నల్లజాతి ఖైదీలను కలవమని కూడా ఎన్‌ఏఏసీపీ ఆయన్ను పిలిచింది. వస్తే ఖైదీలందరినీ కలుస్తాను, నల్లవాళ్లను మాత్రమే కలవనని ఆయన వాదన. అది చర్చించదగిన వాదనే. కానీ ఆ ఖైదీలు గవర్నర్‌కు ఏం చెప్పాలనుకున్నారన్నది నాకు వచ్చిన ఏజెన్సీ కాపీలో లేదు, నేనూ వెతకలేదు. మీరు అమెరికాలోనే చదువుతున్నారు కదా. లైబ్రరీలో ఆ వారం మెయిన్ పత్రికలు తీసి, ముందు దాన్ని వెతకండి.